టిక్కు

మొదట తిమింగలమే అనుకున్నాను.
హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాక కూడా
టిక్... టిక్ టిక్... టిక్ వినబడుతుంటే
చెవుల్లో కాస్త సముద్రం మిగిలిపోయిందనుకున్నాను.
పదహారేళ్ళుగా నా పని అదే.
లోతుల్లో తిమింగలాలు
ఒకదాన్నొకటి పలకరించుకునే టిక్కులు లెక్కపెట్టడం.
నాలుగు గబగబా, ఆగి, ఒకటి తీరిగ్గా: ఇదొక కుటుంబం.
ఐదూ సమానంగా: ఇది ఇంకొకరిల్లు.
ఈ టిక్కు ఏ ఇంటిదీ కాదు.
బల్ల మీది నల్లడబ్బాలోంచి వస్తోంది.
తాకితే ఒళ్ళు కాలుతోంది.

పీకు దీవి, లాజెష్ రేవు, నవంబరు.
వాన అడ్డంగా కురుస్తోంది.
ఒక ఫోల్డరు తెరుచుకోవడానికి
ముసలమ్మ మెట్లెక్కినంత సేపు పట్టి
సగం మెట్ల మీదే కూలబడింది.

ఫ్రీజర్లో పెడితే బతుకుతుందని ఎప్పుడో ఎవరో అన్నారు.
సంచిలో చుట్టి, చిచారు చేపల పక్కన పడుకోబెట్టాను.
(రాయడానికి సిగ్గుగానే ఉంది.)
రెండు గంటలాగి తీస్తే
చెమట పట్టిన డబ్బా, అదే టిక్కు,
పైగా నీచువాసన.

అవతలి దీవిలో, ఓర్తలో, వలేరియాను అని ఒక కుర్రాడు.
ఫోనులో అతని మొదటి మాట:
"ప్లగ్గు పీకెయ్. ఇప్పుడే. తర్వాత మాట్లాడదాం."
రెండో మాట:
"ఇంకో కాపీ ఎక్కడుంది?"

ఉంది. లేకేం.
అదే డబ్బాలో, ఇంకో ఫోల్డర్లో,
"భద్రం" అని పేరు పెట్టి.

చేతులు కాలాక ఆకులు పట్టుకుందామంటే
మా దీవిలో గట్టు గట్టుకీ హైడ్రేంజియాలే,
ఆకులకేం కొదవ!

కొండ మీది గూటిలో కూర్చుని
బైనాక్యులర్లతో నీటిమీద ఊపిరి వెతికే ఎర్మీనియు
నా గోడంతా విని, కాఫీ పూర్తిగా తాగి, అన్నాడు:
"యాభైయేడులో ఫయల్ కొసన సముద్రం నిప్పులు కక్కినప్పుడు
మా మేనత్త ఇల్లు చూరుదాకా బూడిదలో మునిగింది.
పొలం కాగితం, దాని నకలు, రెండూ ఒకే పెట్టెలో.
రెండూ ఒకే పెట్టెలో ఉంటే
అవి రెండు కాదమ్మా.
ఒక్కటే, రెండుసార్లు పోతుంది."
అందుకే అతని లెక్కపుస్తకంలో ప్రతి పేజీ కిందా కార్బన్ కాగితం.
రెండో పుస్తకం నెలనెలా పడవెక్కి
తెర్సైరలో ఉన్న చెల్లెలు జుల్మీర ఇంటికి.

తొమ్మిది రాత్రులు వలేరియాను గదిలో యంత్రం
డబ్బాని గీత గీతగా చదివింది.
"చెడ్డచోట మొండికెయ్యకూడదు" అన్నాడు,
"దాటిపోవాలి. దొరికేదంతా ముందు తీసుకోవాలి.
ఓపికుంటే అప్పుడు వెనక్కి రావాలి."
డిస్కు గురించే అన్నాడు.
నేను మాత్రం ఏవేవో అనుకుంటూ కిటికీలోంచి రేవు చూశాను.

నూటికి తొంభైనాలుగు పాళ్ళు దక్కింది.
పోయిన ఆరులో ఒక ఆగస్టు మధ్యాహ్నం ఉంది.
నీళ్ళలోకి మైకు దించేముందు
మా పడవ నడిపే అమారు ప్రతిసారీ అనేవాడు,
"ఇంజను ఆపాను. వినండి."
అమారు ఇప్పుడు లేడు.
ఆ ఫైలు పేరుంది, తారీఖుంది, నిడివి కూడా ఉంది,
లోపల మూడు గంటల సున్నా.

ఎర్మీనియు పుస్తకం తెప్పించి చూశాను.
కార్బన్ నీలంలో, కాస్త అలుక్కుపోయి:
"ఆగస్టు పందొమ్మిది. నైరుతిలో ఏడు.
అమారు పడవ ఆగింది."
గొంతు లేదు.
ఆగడం మాత్రం ఉంది.

ఇప్పుడు మూడు కాపీలు, మూడు దీవులు.
నెలకొకసారి ఒక్కోదాన్నీ తెరిచి
ఎక్కడో మధ్యలోంచి కాసేపు వింటాను.
తెరిచి చూడని కాపీ, మొక్కుకుని మరిచిపోయిన మొక్కు.

నిన్న జుల్మీర ఫోన్ చేసింది, కంగారుగా:
"జున్నుల గదిలో పెట్టానమ్మా నీ డబ్బా.
చెవి ఆనించి విన్నాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.
ఏమన్నా అయిందంటావా?"

ఏం కాలేదండీ.
అలాగే ఉండనివ్వండి.